క్రిస్మస్ పండుగలో పక్షుల వాటా

వాక్య పఠనం: ఆదికాండము 1:20-22, ద్వితీయోపదేశకాండము 22:6-7, కీర్తన 104:16-18, లూకా 2:22-24, లూకా 12:6-7



ఆగమన కాలం మొదలవగానే మన విచారణల్లో పండుగ లెక్కలు కూడా మొదలవుతాయి. నక్షత్రానికి ఎంత, పశువుల పాకకు ఎంత, మైకు సెట్టుకు ఎంత, బాణసంచాకు ఎంత అని యువజన సంఘం వారు కాగితం, కలం పట్టుకుని కూర్చుంటారు. ఆ కాగితం మీద మరొక పద్దు రాయవచ్చునా అని ఈ వారం మనం ఆలోచిద్దాం. ఆ పద్దు పేరు "మన ఊరి పక్షులు".

ఈ మాట వినగానే కొందరికి నవ్వు వస్తుంది. కొందరికి కోపం కూడా వస్తుంది. మందులకు డబ్బు లేని ముసలివాళ్ళు ఊళ్ళో ఉండగా కొంగలకు, పిచ్చుకలకు చందాలేమిటని అడుగుతారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు చెప్పకుండా చందా పుస్తకం పట్టుకుని ఇంటింటికీ వెళ్ళడం సరికాదు. అందుచేత ముందు దేవుని వాక్యం చూద్దాం. తరువాత శ్రీసభ బోధ, కొన్ని ఊళ్ళ అనుభవం చూద్దాం. డబ్బు సంగతి చివరకు మాట్లాడుకుందాం.

1. వాక్యం ఏమి నేర్పుతోంది?

బైబులు గ్రంథంలో దేవుడు ఇచ్చిన మొట్టమొదటి ఆశీర్వాదం ఎవరికి అని మీ పిల్లల్ని అడిగి చూడండి. ఆదాముకు, అవ్వకు అని చెబుతారు. కాదు. ఆదికాండము మొదటి అధ్యాయం నిదానంగా చదవండి. ఐదవ రోజున నీళ్ళలోని జీవులను, ఆకాశ పక్షులను సృష్టించి, ఫలించండి, వృద్ధిచెందండి అన్న ఆశీర్వాదాన్ని దేవుడు ముందుగా వాటికే ఇచ్చాడు. మానవునికి ఆ ఆశీర్వాదం ఆ తరువాతి రోజున వచ్చింది. కనుక చెరువు గట్టున చెట్టు మీద గూడు కట్టుకునే పక్షి మన అనుమతితో బతుకుతున్నది కాదు. దేవుని దీవెన దాని మీద ముందే ఉంది.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో ఒక చిన్న కట్టడ ఉంది. దారిలో గూడు కనిపిస్తే, గుడ్ల మీదనో పిల్లల మీదనో కూర్చున్న తల్లిని పట్టుకోకూడదు, దానిని వదిలిపెట్టాలి. అలా చేసినవారికి మేలు, దీర్ఘాయువు కలుగుతాయని కూడా అక్కడే ఉంది. తల్లిదండ్రులను గౌరవించమనే ఆజ్ఞకు కూడా ఇటువంటి వాగ్దానమే ఉన్నదని గుర్తుంచుకుంటే, ఈ చిన్న కట్టడకు ఎంత విలువ ఇచ్చారో తెలుస్తుంది.

ప్రభువు మాటలు చూడండి. మత్తయి సువార్త 10వ అధ్యాయంలో ఒక కాసుకు రెండు పిచ్చుకలు. లూకా సువార్త 12వ అధ్యాయంలో రెండు కాసులకు ఐదు. లెక్క ప్రకారం నాలుగే రావాలి. ఐదవది బజారులో వేసే కొసరు. కూరగాయలమ్మి తూకం అయ్యాక నాలుగు పచ్చిమిరపకాయలు సంచిలో వేస్తుందే, అటువంటిది. వెల లేని ఆ కొసరు పిచ్చుకను కూడా దేవుడు మరచిపోడని ప్రభువు చెబుతున్నారు.

ఇంకొక మాట క్రిస్మస్‌కు మరీ దగ్గరిది. బాలయేసును దేవాలయంలో సమర్పించినప్పుడు మరియమ్మ, యోసేపుగార్లు ఇచ్చిన కానుక జత గువ్వలు లేక రెండు పావురపు పిల్లలు. గొఱ్ఱెపిల్లను ఇవ్వలేని పేదలకు మోషే ధర్మశాస్త్రం ఇచ్చిన వెసులుబాటు అది. అంటే తిరుకుటుంబం పేదరికానికి గుర్తుగా సువార్తలో నిలిచినది పక్షులే. పేదవారిని, పక్షులను ఎదురెదురు పక్షాలుగా నిలబెట్టే ముందు ఈ సంగతి మనం జ్ఞాపకం చేసుకోవాలి.

2. పునీత ఫ్రాన్సీసు వారి క్రిస్మస్ కోరిక

అస్సీసి పునీత ఫ్రాన్సీసు వారు 1223లో గ్రేచో అనే ఊళ్ళో పశువుల పాక ఏర్పాటు చేసి క్రీస్తు జయంతిని జరిపిన సంగతి మనందరికీ తెలుసు. మన దేవాలయాల్లో పశువుల పాక కట్టేటప్పుడు ఆయన్ను తలచుకుంటాం. అయితే ఆయన క్రిస్మస్ కోరిక మరొకటి ఉంది. దానిని మనం అంతగా తలచుకోము.

ఆయన జీవితాన్ని రాసిన చెలానో తోమాసు గారు ఈ సంగతి చెప్పారు. క్రిస్మస్ నాడు ధనవంతులు పేదలను, ఆకలిగొన్నవారిని కడుపునిండా తృప్తిపరచాలని ఫ్రాన్సీసు వారు కోరేవారు. ఎద్దులకు, గాడిదలకు ఆ రోజు రోజూకంటే ఎక్కువ మేత వేయాలనేవారు. చక్రవర్తితో మాట్లాడే అవకాశమే వస్తే, ఆ పండుగ నాడు స్తోమత ఉన్నవారందరూ దారుల వెంట గోధుమలు, ధాన్యం చల్లాలని శాసనం చేయమని అడుగుతాననేవారు. పక్షులు, అందులోనూ ఆయనకు ప్రియమైన లార్క్ పిట్టలు, ఆ రోజు కరవు లేకుండా తినాలన్నది ఆయన ఆశ.

ఆ కోరికలోని వరస గమనించండి. మొదట పేదలు, తరువాత పశువులు, ఆ తరువాత పక్షులు. ఒకరి పళ్ళెం లాగి మరొకరికి పెట్టడం అందులో లేదు. పెట్టవలసినవారు కలిగినవారు. 1979లో జగద్గురువులు రెండవ జాన్ పాల్ పాపుగారు ఈ పునీతుణ్ణి పర్యావరణ సేవ చేసేవారికి పాలక పునీతునిగా ప్రకటించారు. మన పద్దుకు కూడా ఆ వరసే కొలత కావాలి.

3. శ్రీసభ బోధకు రెండు వైపులు

1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం 2415 నుంచి 2418 వరకు గల పేరాలలో జంతువుల సంగతి చెబుతుంది. జంతువులు దేవుని సృష్టి, ఆయన పోషణలో ఉన్నవి, కనుక మనం వాటి పట్ల దయ చూపాలి. అనవసరంగా వాటిని బాధించడం, చంపడం మానవుని గౌరవానికి తగని పని. అదే 2418వ పేరాలో రెండవ మాట కూడా ఉంది. మనుషుల దుఃఖం తీర్చడానికి ముందుగా వెళ్ళవలసిన డబ్బును జంతువుల మీద ఖర్చు చేయడం కూడా తగదు.

పక్షి ప్రేమికులు మొదటి మాటను చెబుతారు, వ్యతిరేకించేవారు రెండవ మాటను చెబుతారు. శ్రీసభ రెండింటినీ ఒకే పేరాలో ఉంచింది. 2015లో జగద్గురువులు ఫ్రాన్సిస్ పాపుగారు వెలువరించిన "లౌదాతో సీ" విశ్వలేఖ 49వ పేరాలో భూమి మొర, పేదల మొర రెండూ కలిపి వినాలని బోధించారు. రెండు మొరలూ కలిపి వినడం ఎలా? దీనికి జవాబు పుస్తకాలకంటె పక్షులు గూళ్ళు కట్టుకునే ఊళ్ళలో బాగా దొరుకుతుంది.

4. పక్షుల ఖర్చు ఇప్పటికే ఎవరో భరిస్తున్నారు

కర్ణాటకలోని మండ్య జిల్లాలో కొక్కరె బెళ్ళూరు అనే పల్లె ఉంది. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు ఏటేటా వచ్చి ఇళ్ళ మధ్యనున్న చింతచెట్ల మీద గూళ్ళు కట్టుకుంటాయి. పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచులని వాటిని ఊరివారు అంటారు. చెప్పుకోవడానికి అందంగానే ఉంది. కాని ఆ చెట్టు యజమాని సంగతి ఆలోచించండి. గూళ్ళున్న చెట్టెక్కి చింతపండు దులపలేడు. రెట్టలకు, పిల్లల బరువుకు కాపు పాడవుతుంది. చింతపండు అమ్మితే వచ్చే డబ్బు ఆ ఇంటికి రాదు. పక్షులను చూసి మనం సంతోషిస్తుంటే, దానికి వెల కట్టేది ఆ ఇల్లు. అందుకే అక్కడ అటవీశాఖ చెట్ల యజమానులకు పరిహారం ఇచ్చే ఏర్పాటు చేసింది. ఊరి యువకులు గూటి నుంచి కింద పడిన పిల్లలను తెచ్చి, చేపలు పెట్టి సాకారు. 2007లో ఆ ఊరు సమాజ సంరక్షణ ప్రాంతమయింది.

మన రాష్ట్రంలోనూ ఇటువంటి ఊళ్ళున్నాయి. శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర తేలినీలాపురం ఉంది. గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువు ఉంది. కొల్లేటిలో ఆటపాక ఉంది. దొరవారిసత్రం దగ్గర నేలపట్టు ఉంది. నేలపట్టును 1976లోనే పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించారు. అక్కడ చెరువులోని కడప చెట్ల మీద గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, నీటికాకులు గూళ్ళు కడతాయి. పక్షుల రెట్టలు కలిసిన ఆ చెరువు నీరు పొలాలకు ఎరువుగా పనికొస్తుందని చుట్టుపక్కల రైతులకు అనుభవం. ఇక్కడ పక్షి రైతుకు మేలు చేస్తున్నది.

అన్నిచోట్లా అలా ఉండదు. కొల్లేటి పక్కన చేపల చెరువులున్న చిన్న రైతుకు గూడబాతు తిన్న చేప నష్టమే. ఆ నష్టం లేదన్నట్టు ప్రసంగాలు చేస్తే అతడు మనవాడు కాడు, పక్షికీ మిత్రుడు కాడు.

ఈ పక్షులన్నీ సైబీరియా నుంచి వస్తాయని చాలామంది అనుకుంటారు. బాతుల్లో కొన్ని జాతులు మధ్య ఆసియా నుంచి, ఉత్తర దేశాల నుంచి వచ్చే మాట నిజమే. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు మాత్రం మన దేశపు పక్షులే. నీరు, చేప, చెట్టు చూసుకుని ఒక జిల్లా నుంచి మరొక జిల్లాకు, ఒక రాష్ట్రం నుంచి మరొక రాష్ట్రానికి తిరుగుతుంటాయి. విదేశీ అతిథులన్న మాట కంటె, మన చెరువులు పోతే వాటికి వేరే దేశం లేదన్న మాట మనకు ఎక్కువ బాధ్యత నేర్పుతుంది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు దొరుకుతోంది. పక్షుల రక్షణకు ఖర్చు కొత్తగా పుట్టదు. ఆ ఖర్చు ఇప్పటికే ఉంది. చింతచెట్టు యజమాని, చిన్న చేపల రైతు, చెరువు గట్టు కాపలాదారు వంటివారు దానిని మోస్తున్నారు. వారిలో చాలామంది పేదలే. మన పండుగ నిధి వారి భుజం మీది బరువును కొంత దించితే, అది పేదల వాటా తిన్న నిధి కాదు, పేదలకు చేరిన నిధి. అలా దించకుండా బ్యానర్లకు, టీషర్టులకు, ఫోటోలకు ఖర్చయిపోతే, సత్యోపదేశం తప్పు పట్టినది అటువంటి ఖర్చునే.

5. నాగాలాండ్ విశ్వాసులు చూపిన మాదిరి

విశ్వాసుల సమాజం పూనుకుంటే ఏమి జరుగుతుందో నాగాలాండ్ చూపింది. వోఖా జిల్లాలో డోయాంగ్ జలాశయం దగ్గర ఏటా అక్టోబరు, నవంబరు నెలల్లో అముర్ డేగలు గుంపులు గుంపులుగా దిగుతాయి. పావురమంత పక్షి. చైనా, మంగోలియా ప్రాంతాల నుంచి బయలుదేరి మన దేశం మీదుగా అరేబియా సముద్రం దాటి ఆఫ్రికా దక్షిణ భాగానికి వెళుతుంది. 2012లో అక్కడికి వెళ్ళిన పరిశీలకులు వలల్లో చిక్కిన డేగలను చూశారు. ఒక్క సీజనులో లక్షా ఇరవై వేల నుంచి లక్షా నలభై వేల వరకు చంపి ఉంటారని అంచనా వేశారు.

జలాశయం కట్టినప్పుడు పొలాలు మునిగిన కుటుంబాలు అక్కడ ఉన్నాయి. చేపల వలలతో పట్టిన డేగలు వారికి ఆ రెండు నెలల ఆదాయం. కనుక వారిని దుర్మార్గులనడం తేలిక, నిజం మాత్రం కాదు. గ్రామ సభలు తీర్మానాలు చేశాయి. అక్కడి ప్రజలు ఎక్కువమంది బాప్టిస్టు సంఘాలవారు. ఆ సంఘాల కాపరులు దేవాలయాల్లో సృష్టి పట్ల మన బాధ్యతను బోధించారు. పిల్లలకు పక్షి పాఠాలు చెప్పారు. 2013లో అదే సీజనులో అక్కడ వేట ఆగిపోయింది. ఒకనాడు వలలు వేసిన వారిలో కొందరు డేగలు వాలే చోటుకు కాపలాదారులయ్యారు, చూడవచ్చిన వారికి బస ఇచ్చారు. అయినా పోయిన ఆదాయం అందరికీ తిరిగి రాలేదు. వేట మాన్పించడం ఒక్క ఏడాది పని. మానినవారి పొయ్యి ఆరిపోకుండా చూడడం ఏటేటా చేయవలసిన పని. పండుగ నిధి అవసరం అక్కడే ఉంది.

6. ఇచ్చే ముందు మానవలసినవి

ఒక చేత్తో గాయం చేసి మరొక చేత్తో మందు రాయడం దానం కాదు. మన పండుగల వల్ల పక్షులకు జరిగే హానిని ముందు ఆపుకోవాలి.

బాణసంచా: నేలపట్టు వంటి చోట్ల గూళ్ళ కాలం దాదాపు అక్టోబరు నుంచి మార్చి వరకు. క్రిస్మస్ సరిగ్గా దాని మధ్యలో వస్తుంది. అర్ధరాత్రి పూజ తరువాత బాంబు పేలితే చీకట్లో తల్లిపక్షి గూడు వదిలి లేస్తుంది. గుడ్లు చల్లబడతాయి, పిల్లలు కింద పడతాయి. తమిళనాడులో శివగంగ జిల్లా వేట్టంగుడి చెరువుల పక్కనున్న కొల్లుకుడిపట్టి ప్రజలు పక్షుల కోసం ఎన్నో ఏళ్ళుగా దీపావళికి టపాకాయలు కాల్చడం లేదు. దీపావళి అంటే వారి పిల్లలకు ఎంత ఇష్టమో వేరే చెప్పనక్కరలేదు. వారు ఆ పండుగకు చేయగలిగినది మనం క్రిస్మస్‌కు చేయలేమా?

మైకు: చెరువు వైపు తిరిగి ఉన్న మైకు హారన్‌ను ఊరి వైపు, తక్కువ స్వరంతో పెట్టించండి. రాత్రి పూజ కాగానే కట్టేయించండి.

దారం: క్రిస్మస్ సెలవుల్లో మొదలైన గాలిపటాలు సంక్రాంతి దాకా ఎగురుతాయి. నైలాన్ దారాన్ని, అంటే చైనా మాంజాను, 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటా నిషేధించింది. అయినా దుకాణాల్లో దొరికే చోట్లున్నాయి. అది పక్షి రెక్కనూ కోస్తుంది, స్కూటరు మీద వెళ్ళేవాని గొంతునూ కోస్తుంది. మీ పిల్లల చేతిలో నూలు దారమే ఉండేట్టు చూడండి.

పంజరం, వంటిల్లు: తిరునాళ్ళలో, పండుగ సంతల్లో రామచిలుకలను అమ్ముతారు, చిలక జోస్యం చెబుతారు. జోస్యం విశ్వాసికి తగని పని. ఆ చిలకను పంజరంలో ఉంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అలాగే పండుగ విందుకని ఎవరైనా నీటికోళ్ళు, కొంగలు, అడవి కౌజులు తెచ్చి అమ్మితే కొనకండి. గుళికల మందు కలిపిన ధాన్యంతో చంపిన పక్షి అయితే, అది తిన్నవారికీ విషమే.

7. తుపాకీ మాని లెక్క పట్టిన పండుగ

మానడంతో పాటు చేయడం కూడా ఉండాలి. దీనికి క్రిస్మస్ చరిత్రలోనే ఒక మంచి కథ ఉంది. 19వ శతాబ్దపు అమెరికాలో క్రిస్మస్ నాడు మగవారు రెండు జట్లుగా విడిపోయి తుపాకులతో బయలుదేరేవారు. సాయంత్రానికి చచ్చిన పక్షుల, జంతువుల కుప్ప ఎవరిది పెద్దదైతే వారు గెలిచినట్టు. న్యూయార్క్ మ్యూజియంలో పక్షి శాస్త్రజ్ఞుడైన ఫ్రాంక్ చాప్మన్ 1900లో ఒక కొత్త ఆచారం ప్రతిపాదించారు. అదే రోజున బయలుదేరండి, కాని చంపవద్దు, లెక్కపెట్టండి అన్నారు. ఆ క్రిస్మస్ నాడు 27 మంది 25 చోట్ల పక్షులను లెక్కించారు. ఆ ఆచారం ఇప్పటికీ ఏటా డిసెంబరు 14 నుంచి జనవరి 5 వరకు జరుగుతోంది. ఆ లెక్కల పుణ్యాన ఏ పక్షి తగ్గుతోంది, ఏది పెరుగుతోంది అన్నది శాస్త్రజ్ఞులకు తెలుస్తోంది.

లెక్కను నిధిగా మార్చే పద్ధతి కూడా ఉంది. 1976లో కెనడాలోని లాంగ్ పాయింట్ అనే చోట మొదలైంది. ఒకరు ఒక రోజంతా తిరిగి వీలైనన్ని జాతుల పక్షులను గుర్తుపడతారు. బంధుమిత్రులు జాతికి ఇంత అని ముందే మాట ఇస్తారు. ఎన్ని జాతులు చూస్తే అన్ని రెట్లు డబ్బు సంరక్షణకు వెళుతుంది. మన తమిళ సోదరులు 2015 నుంచి పొంగల్ సెలవుల్లో పక్షుల లెక్క చేస్తున్నారు. మన రాష్ట్రంలో 2001లో సూళ్ళూరుపేటలో ఫ్లెమింగో పండుగ మొదలైంది. కొన్నేళ్ళు ఆగి 2025 జనవరిలో మళ్ళీ జరిగింది. పండుగకూ పక్షికీ ముడిపెట్టడం మనకు కొత్త సంగతి కాదు.

మీ విచారణలో సత్యోపదేశ తరగతి పిల్లలను క్రిస్మస్ మరునాడు ఉదయం రెండు గంటలపాటు చెరువు గట్టుకు తీసుకువెళ్ళండి. ఒక ఉపాధ్యాయుడు, ఒక ఉపదేశి, పక్షుల పేర్లు తెలిసిన ఒక రైతు లేక జాలరి ఉంటే చాలు. ఊరి పెద్దవారికి తెలిసిన తెలుగు పేర్లు పిల్లల పుస్తకాల్లో ఉండవు. పిల్లవాడు 20 జాతులు చూస్తే, జాతికి ఐదు రూపాయలు ఇస్తానన్న మేనమామ 100 రూపాయలు ఇస్తాడు. గూళ్ళకు దూరంగా నిలబడి చూడాలి. చెట్టు కిందికి వెళ్ళకూడదు.

8. నిధి: ఎక్కడి నుంచి, ఎవరి చేతిలో, దేనికి?

ఎక్కడి నుంచి? పేదల కోసం తీసే కానుక నుంచి, రోగుల సహాయం పెట్టె నుంచి ఒక్క పైసా తీయకూడదు. బాణసంచా నుంచి, అనవసరపు దీపాల అలంకరణ నుంచి మిగిల్చినదే ఈ నిధి. ఉదాహరణకు, ఒక విచారణలో 100 కుటుంబాలున్నాయనుకుందాం. ఇంటికి 300 రూపాయల టపాకాయలు తగ్గితే 30,000 రూపాయలు మిగులుతాయి. పునీత ఫ్రాన్సీసు వారి వరస ప్రకారం అందులో సగం ముందుగా విచారణ పేదలకు ఇవ్వండి. మిగిలిన 15,000 పక్షులకు ఉంచండి. పొగై పోవలసిన డబ్బు గనుక ఎవరి నోటి దగ్గర కూడూ తీసినట్టు కాదు.

దీనికి తోడు, సంఘం స్త్రీలు వరి కంకుల కుచ్చులు అల్లి క్రిస్మస్ ముందు ఆదివారాల్లో దేవాలయం ఆవరణలో అమ్మవచ్చు. పూర్వం మన ఇళ్ళ చూరులకు పిచ్చుకల కోసం కట్టినవే అవి. డిసెంబరు నాటికి కొత్త కంకులు చేతికొస్తాయి. ఫ్రాన్సీసు వారు కోరినట్టు క్రిస్మస్ నాడు మీ వాకిట్లో పక్షులకు గింజలుంటాయి, నిధికి డబ్బూ వస్తుంది. అరిసెలు, సున్నుండలు చేసి అమ్మడం, పంట పండుగ వేలంలో ఒక గుమ్మడికాయనో ఒక అరటి గెలనో పక్షుల పేర పెట్టడం కూడా మంచి మార్గాలే. లాటరీలు, లక్కీ డిప్పులు మాత్రం వద్దు. దానం ఆశకు ఎర కాకూడదు.

ఎవరి చేతిలో? విచారణ గురువుల అనుమతితో, విచారణ సంఘం తీర్మానంతో మొదలుపెట్టండి. ఇద్దరి సంతకాలు లేకుండా డబ్బు కదలకూడదు. ప్రతి ఇంటికి రసీదు ఇవ్వండి. సాక్షాత్కార పండుగ తరువాతి ఆదివారం జమాఖర్చు నోటీసు బోర్డు మీద పెట్టండి. లెక్క చూపని మంచిపని ఎక్కువకాలం నిలవదు.

దేనికి? ముందు అవసరం తెలుసుకుని తరువాత చందా అడగండి. పక్షులు ఎవరి చెట్టు మీద గూళ్ళు కట్టాయో, ఎవరి కాపు పోయిందో వెళ్ళి మాట్లాడండి. ఆ ఇంటికి కొంత సహాయం చేయడమే మొదటి ఖర్చు కావచ్చు. చెరువు గట్టున తుమ్మ, చింత, రావి మొక్కలు నాటి, కంచె కట్టి, మూడు వేసవులు నీళ్ళు పోయించే కూలి మరొక ఖర్చు. ఉప్పలపాడు, ఆటపాక వంటి చోట్ల చెట్లు చాలక పక్షులు వాలడానికి ఇనుప స్టాండ్లు పెట్టవలసి వచ్చింది. ఇప్పుడు నాటిన మొక్క గూడు మోసే చెట్టు కావడానికి ఏళ్ళు పడుతుంది. అందుకే ఈ ఏడే నాటాలి. రక్షిత కేంద్రాలలోను, అటవీ భూమిలోను ఏ పని చేయాలన్నా ముందు అటవీశాఖ అధికారి అనుమతి తీసుకోవాలి. గాయపడిన పక్షి దొరికితే ఇంట్లో ఉంచుకోకుండా వారికి అప్పగించాలి.

చెరువు ఊరందరిది. గనుక హిందూ, ముస్లిం పొరుగువారిని, పంచాయతీ వారిని కూడా పిలవండి. సంక్రాంతి తరువాతి ఆదివారం అందరూ కలిసి చెట్లకు చిక్కుకున్న గాలిపటాల దారాలు తీయండి. ఈ పనికి చందా అక్కరలేదు. కర్రలు, కొడవళ్ళు, ఒక బిందెడు మజ్జిగ చాలు.

9. కుటుంబంలో చర్చించుకోండి

- మన ఊళ్ళో పక్షులు ఎక్కడ గూళ్ళు కడుతున్నాయి? అది ఎవరి చెట్టు, ఎవరి చెరువు?
- పక్షుల వల్ల మన ఊళ్ళో నష్టపోతున్న కుటుంబం ఉన్నదా? ఎప్పుడైనా వారిని పలకరించామా?
- ఈ క్రిస్మస్ ఖర్చులో పొగగా, చప్పుడుగా పోయేది ఎంత?
- తాతయ్యకు, అమ్మమ్మకు తెలిసిన పక్షుల పేర్లు ఎన్ని? పిల్లలకు తెలిసినవి ఎన్ని?

ఈ వారం ఆచరణ: కుటుంబమంతా కూర్చుని లూకా 12:6-7 చదవండి. వాకిట్లో ఒక మట్టి మూకుడులో నీళ్ళు పెట్టండి. రోజూ కడిగి నింపే పని ఇంట్లో చిన్నవారికి అప్పగించండి. బాణసంచాకు అనుకున్న డబ్బులో తగ్గించుకునే మొత్తాన్ని ఒక కవరులో వేసి, దాని మీద "పేదలకు సగం, పక్షులకు సగం" అని రాసి, బాలయేసు పాక దగ్గర ఉంచండి.

ప్రార్థన: సృష్టికర్తవైన తండ్రీ, వెల లేని పిచ్చుకను కూడా మరువని నీ ప్రేమకు వందనాలు. మా ఊరి చెరువును, చెట్టును, వాటి మీద బతికే పక్షులను దీవించు. వాటి బరువు మోస్తున్న పేద ఇళ్ళను మా కళ్ళకు చూపించు. మా పండుగ సంతోషం ఏ గూటికీ, ఏ ఇంటికీ దుఃఖం కాకుండా కాపాడు. పశువుల పాకలో జన్మించిన మా ప్రభువైన క్రీస్తు ద్వారా ఈ మనవి ఆలకించు. ఆమెన్.